కార్జములోని నీటి బుడగ
(మన జీవాలు, మన మాంసము, మన ఆరోగ్యము)

మానవుడు గొర్రెను, మేకను మచ్చిక చేసుకొన్న నాటి నుండి వాటి పాలలో, ఉన్నిలో, మాంసములో పాలు పంచుకొన్నట్లే వాటి రోగములలో కూడ పాలు పంచుకొంటున్నాడు. ఈ సంగతిని మన పెద్దలు అనుభవము వలన కొంత తెలిసికొన్నారు. మిగిలిన దానిని శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శిని సహాయముతో తెలిసికొన్నారు. అయితే పెద్దల అనుభవమునకు, శాస్త్రజ్ఞుల పరిశోధనకు మన వంటింటిలో ఇంకను సరియైన పరిచయము కాలేదు. ఆ పరిచయము చేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

మేము పశువైద్యులము కాము. భాషా సాహిత్యములు బోధించు అధ్యాపకులము. అయినను మా తరగతి గదిలో ముందు వరుసలో గొల్ల కురుమల బిడ్డలు ఉన్నారు, ఆ ప్రక్కనే మాంసపు దుకాణము నడుపు కుటుంబముల పిల్లలు ఉన్నారు. ఒకరి ఇంట పెరిగిన జీవము మరొకరి ఇంట మాంసమై, అందరి ఇండ్లలో కూరగా మారుతున్నది. ఈ ముగ్గురికిని సంబంధించిన విషయమును గూర్చి వ్రాయుటకు కళాశాల పత్రికను మించిన చోటు లేదని మేము భావించినాము.

ఒక అనుభవము

కొన్ని సంవత్సరముల క్రిందట బక్రీదు నాడు మా ఇంట ఖుర్బానీ జరిగినది. పొట్టేలు చూపులకు పుష్టిగా ఉన్నది. నడకలో గాని, కంటిలో గాని ఏ లోపమును కనిపించలేదు. కాని కార్జమును వెలుపలికి తీసినప్పుడు దాని అంచున రేగుపండంత తెల్లని బుడగలు రెండు కనిపించినవి. "ఏమీ లేదు సాబ్, నీళ్ళ గడ్డ. కోసి పారేస్తే మిగిలింది మంచిదే" అని ఖసాయి ధైర్యము చెప్పినాడు. మా అమ్మీ మాత్రము ఆ కలేజీ పొయ్యి మీదికి ఎక్కరాదని పట్టుబట్టినది. మేము చదువుకొన్నవారము కనుక మధ్యస్థము చేసినాము. బుడగలు ఉన్న భాగమును కోయించి, ప్రహరీ గోడ మీదుగా అవతలికి విసిరివేసినాము. అక్కడ వీధి కుక్కలు రెండు ఉదయము నుండి కాచుకొని ఉన్నవి. అవి క్షణములో దానిని మ్రింగివేసినవి. ఇంటిల్లిపాదిమి తృప్తి పడినాము.

తరువాత కొంత కాలమునకు ఒక పశువైద్యునితో ఈ సంగతి ప్రస్తావించగా ఆయన కొంచెము సేపు మౌనము వహించి, "మాస్టారూ, ఆ కార్జము మీరు తిని ఉన్నా మీకు ఆ జబ్బు వచ్చేది కాదు. కుక్కకు వేశారు చూడండి, తప్పు అక్కడ జరిగింది" అన్నారు. ఆ మాట మాకు మొదట విడ్డూరముగా తోచినది. దాని అర్థము తెలిసిన తరువాత మాత్రము ఆ గోడ వైపు చూచినప్పుడెల్ల మనస్సు చివుక్కుమంటున్నది. ఆ వీధిలో పిల్లలు ఆడుకొందురు.

నీరు వచ్చిన నేల

ముందుగా మన ప్రాంతమును గూర్చి రెండు మాటలు. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలినారు. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల మెట్ట పొలములు వరి మళ్ళుగా మారినవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరు పొందినది. సూర్యాపేట వైపు మూసీ ప్రాజెక్టు నీరు ఉన్నది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట ప్రత్యేక జిల్లా అయినది. కోదాడ ఆ జిల్లాలో చేరగా మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచినది. పటము మీది గీతలు మారినను గొర్రెల మందలకు ఆ గీతలు తెలియవు. కోత అయిన పొలములు ఎక్కడ ఉన్నవో, కాలువ గట్టున పచ్చిక ఎక్కడ ఉన్నదో వాటికి తెలియును.

2019 పశుగణన ప్రకారము తెలంగాణ రాష్ట్రములో సుమారు 1 కోటి 90 లక్షల గొర్రెలు ఉన్నవి. దేశములో ఇదియే ప్రథమ స్థానము. 2017 జూన్ 20న ప్రారంభమైన గొర్రెల పంపిణీ పథకము క్రింద ఒక్కొక్క లబ్ధిదారునికి 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున 75 శాతము రాయితీతో ఇచ్చినారు. వీటిలో పెక్కు ఇరుగుపొరుగు రాష్ట్రముల నుండి కొని తెచ్చినవి. సంపద పెరుగుట సంతోషదాయకమే. కాని క్రొత్త జీవము మందలోనికి వచ్చునప్పుడు ఒంటరిగా రాదు. దాని కడుపులోని అతిథులు కూడ దానితోనే వచ్చును. ఆ అతిథులకు మన కాపరులు పెట్టిన పేరు నట్టలు.

కార్జపు జలగ

నీరు వచ్చిన చోటికి నత్త వచ్చును. నత్త వచ్చిన చోటికి జలగ వచ్చును. ఇక్కడ జలగ అనగా చెరువులో కాలికి పట్టునది కాదు. ఆకు వలె పలుచగా ఉండి, గొర్రె కార్జములోని పైత్యపు నాళములలో కాపురముండు పురుగు. శాస్త్రజ్ఞులు దీనికి ఫాసియోలా అని పేరు పెట్టినారు. మన దేశములో విస్తారముగా కనిపించు జాతి పెద్దది; ఒక్కొక్కటి 7 సెంటీమీటర్ల వరకు పెరుగును.

దీని జీవిత కథ విచిత్రమైనది. జలగ పెట్టిన గ్రుడ్లు గొర్రె పెంటికలతో వెలుపలికి వచ్చును. నీరు తగిలినప్పుడు ఆ గ్రుడ్డు పగిలి, కంటికి కనిపించని పిల్ల ఒకటి ఈదుకొనుచు పోయి నీటి నత్త శరీరములో ప్రవేశించును. అక్కడ ఒకటి వందలగును. ఆ వందలును నత్తను విడిచి గడ్డిపోచలను అంటిపెట్టుకొని, చుట్టును గట్టి పొర కట్టుకొని కాచుకొని ఉండును. ఆ గడ్డిని మేసిన జీవము కడుపులో పొర విడి, పిల్ల జలగ ప్రేగును తొలిచి కార్జమును చేరును. ఈ చక్రమును 1881–83 సంవత్సరముల మధ్య ఇంగ్లండులో థామస్, జర్మనీలో లూకార్ట్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు వేరువేరుగా పరిశోధించి కనుగొన్నారు.

కాలువ గట్ల మీద, చెరువు శిఖములో, వరి కోసిన తడి మళ్ళలో మేసిన మందకు ఈ వ్యాధి సోకును. గొర్రె చిక్కిపోవును. కనురెప్పను త్రిప్పి చూచిన లోపల ఎర్రదనము తగ్గి తెల్లబారి ఉండును. దవడ క్రింద నీరు చేరి సంచి వలె వ్రేలాడును. పిల్ల జలగలు పెద్ద సంఖ్యలో ఒకేసారి కార్జమును తొలిచినప్పుడు ఏ లక్షణమును కనిపించకుండగనే గొర్రె చనిపోవుట కూడ కలదు.

మరి అట్టి కార్జమును తినిన మనకు జలగలు పట్టునా? పట్టవు. గొర్రెకు వచ్చిన దారిలోనే, అనగా నీటి అంచున పెరిగిన పచ్చి ఆకుల ద్వారా, కలుషితమైన నీటి ద్వారా మాత్రమే మనిషికి ఈ వ్యాధి వచ్చును. అయినను జలగలు తొలిచిన కార్జము గట్టిపడి, నాళములు దళసరియై ఆహారమునకు పనికిరాదు. పరీక్షాధికారి దానిని తిరస్కరించుట న్యాయమే.

నీటి బుడగ

ఇక మా ఇంటి కార్జములో కనిపించిన బుడగ కథ. దీనికి మూలము గొర్రె కాదు, కుక్క. కుక్క ప్రేగులలో ఎకినోకాకస్ అను అతి చిన్న బద్దె పురుగు నివసించును. దాని పొడవు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. ఒక్క కుక్కలో ఇవి వేలకొలది ఉండవచ్చును. అయినను కుక్క ఆరోగ్యముగనే తిరుగుచుండును. కుక్క విసర్జనముతో వెలువడిన గ్రుడ్లు గడ్డి మీద, మట్టిలో, నీటిలో చేరును. గడ్డితో పాటు గొర్రె వాటిని మ్రింగిన యెడల అవి కార్జములో, ఊపిరితిత్తులలో నీటి బుడగలుగా పెరుగును. ఆ బుడగను కుక్క తినిన యెడల కొన్ని వారములలో దాని ప్రేగులు మరల బద్దె పురుగులతో నిండును. జర్మను శాస్త్రజ్ఞుడు సీబోల్డ్ 1850ల తొలి సంవత్సరములలోనే కుక్కలకు ఈ బుడగలు తినిపించి, వాటి ప్రేగులలో పురుగులు పెరుగుటను నిరూపించినాడు.

ఈ చక్రములో మనిషి స్థానమేమి? అతడు గొర్రె స్థానములో నిలుచుచున్నాడు. కుక్క శరీరమునకు అంటిన గ్రుడ్లు పిల్లవాని చేతికి, చేతి నుండి నోటికి చేరును. కడుగని ఆకుకూర ద్వారా కూడ చేరును. తరువాత బుడగ మనిషి కార్జములో గాని, ఊపిరితిత్తులలో గాని నెమ్మదిగా, సంవత్సరముల తరబడి పెరుగును. చిన్ననాట సోకినది నడి వయస్సులో గాని బయటపడకపోవచ్చును. నిమ్మకాయంత బుడగ కొబ్బరికాయంత అయిన పిమ్మట శస్త్రచికిత్స అవసరమగును. లోపల అది పగిలిన యెడల ప్రాణాపాయము. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన దాని ప్రకారము ఏ సమయమందైనను ప్రపంచములో పది లక్షల మందికి పైగా ఈ జాతి వ్యాధులతో బాధపడుచున్నారు.

ఇప్పుడు పశువైద్యుని మాట పాఠకులకు అర్థమై ఉండును. బుడగలోని పిల్ల పురుగు మనిషి కడుపులో బద్దె పురుగుగా పెరుగజాలదు; కుక్క కడుపులో మాత్రమే పెరుగగలదు. కంచములోని కార్జము కంటె గోడ అవతల పడిన కార్జమే ప్రమాదకరము. మనము వంటింటిలో చూపిన జాగ్రత్త వీధిలో చూపలేదు. అమ్మీ పట్టుదల సగము సరియైనది. మా మధ్యస్థము పూర్తిగా తప్పు.

ఇదే కుటుంబమునకు చెందిన మరియొక కుక్క పురుగు గొర్రె మెదడులో బుడగగా పెరుగును. అప్పుడు గొర్రె తల ఒక ప్రక్కకు వంచి గుండ్రముగా తిరుగుచు, మందను విడిచి, చివరకు పడిపోవును. కాపరులు దానికి పిచ్చి పట్టినదని అనుకొందురు. అట్టి గొర్రెను కోసి తలకాయను కుక్కకు వేసిన యెడల మరుసటి సంవత్సరము మందలో మరికొన్ని గొర్రెలు తిరుగుట మొదలుపెట్టును. పిచ్చి గొర్రెకు కాదు, మన అలవాటుకు.

రక్తము త్రాగు నట్టలు

గొర్రె నాల్గవ పొట్టలో నివసించు సన్నని ఏలిక పాము ఒకటి ఉన్నది. పేరు హిమాంకస్. ఒక్కొక్కటి దినమునకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తము పీల్చును. అది ఒక చిన్న బొట్టు మాత్రమే. కాని రెండు వేల పురుగులు ఉన్న గొర్రె దినమునకు 100 మిల్లీలీటర్లు, అనగా ఒక టీ గ్లాసెడు రక్తము కోల్పోవును. కాపరి ఎంత మేపినను ఆ గొర్రె ఎందుకు కండ పట్టదో ఈ లెక్క చెప్పును. ఈ పురుగు మాంసము ద్వారా మనకు సోకదు. కాపరి జేబుకు మాత్రము సోకును.

వానలకు ముందు, వానల తరువాత నట్టల నివారణ మందు త్రాగించుట మన జిల్లాలలో వాడుకలో ఉన్నది. ఇందు రెండు జాగ్రత్తలు ముఖ్యము. మొదటిది, ఏ పురుగునకు ఏ మందో పెంటికల పరీక్ష చేయించి పశువైద్యుని అడుగవలెను. తొలి నెల చూలులో ఉన్న గొర్రెకు ఆల్బెండజోల్ వంటి మందు ఇచ్చిన పిల్ల వికలాంగమై పుట్టవచ్చును. రెండవది, మందు త్రాగించిన జీవమును వెంటనే కోతకు అమ్మరాదు. మందు శరీరమును విడుచుటకు కొన్ని దినములు పట్టును. ఆ గడువు సీసా మీద ముద్రించి ఉండును. పండుగ సంతలో జీవమును కొనువారు "మందు ఎప్పుడు త్రాగించినావు?" అని అడుగుట అలవాటు చేసుకొనవలెను.

కంచము ద్వారా వచ్చు వ్యాధులు

పైన చెప్పిన వాటికి భిన్నముగా, మాంసము ద్వారా నేరుగా మనకు సోకు పరాన్నజీవులు కూడ కలవు. వాటిలో మన ప్రాంతమునకు ముఖ్యమైనది టాక్సోప్లాస్మా. దీనికి మూలము పిల్లి. పిల్లి విసర్జించిన మట్టి కలిసిన మేత తినిన గొర్రె, మేకల కండలో ఇది కంటికి కనిపించని గూళ్ళుగా నిలిచి ఉండును. సరిగా ఉడుకని మాంసము ద్వారా మనిషికి సోకును. ఆరోగ్యవంతులకు సాధారణముగా హాని చేయదు; గర్భవతికి క్రొత్తగా సోకిన యెడల కడుపులోని బిడ్డకు కన్ను, మెదడు దెబ్బతినవచ్చును. మాంసము లోపలి భాగము 70 డిగ్రీల సెంటిగ్రేడు దాటి ఉడికినచో ఈ భయము తొలగును.

మన కూరలు, ఖుర్మాలు, హలీము గంటల తరబడి ఉడుకును గనుక వాటితో భయము లేదు. భయమంతయు పైన మాడి లోపల ఎర్రగా ఉండు కబాబుల వద్ద, త్వరగా వేయించిన కలేజీ వద్ద ఉన్నది. మరొక అలవాటు ఉన్నది. పచ్చి ఖీమాలో ఉప్పు కారము కలిపి, సరిపోయినదో లేదో నాలుక మీద వేసి చూచుట. మన ఇండ్లలో ఈ పని చేయునది స్త్రీలే. వారిలో గర్భవతులు కూడ ఉందురు. ఒక ముద్ద పెనము మీద కాల్చి రుచి చూచిన సరిపోవును.

అడవి జంతువులను పెంచి మాంసమునకు వినియోగించు దేశములలో ఈ సమస్య మరింత విస్తృతము. న్యూజిలాండులో 1970 ప్రాంతము నుండి జింకలను కంచెలలో పెంచుచున్నారు. అక్కడ ఊపిరితిత్తులలో చేరు పురుగులు పెంపకందారులకు పెద్ద బెడద అయినవి. జింబాబ్వేలో 1995లో పెంపుడు మొసళ్ళ మాంసములో ట్రికినెల్లా అను పురుగు బయటపడినది. అంతవరకు దానిని పందులు మొదలగు క్షీరదముల వ్యాధిగా భావించుచుండిరి. మన దేశములో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము జింకలు మొదలగు వాటి వేటను నిషేధించినది. ఇక్కడ పెంపకమునకు వచ్చినవి 1974లో ఇజ్జత్‌నగర్ పరిశోధనా కేంద్రము ద్వారా దేశములో ప్రవేశించిన జపాను కౌజు పిట్టలు, ఆ తరువాతి దశాబ్దములలో వచ్చిన ఈమూ పక్షులు. అడవిలో విడివిడిగా తిరుగు జీవమును ఒక చోట చేర్చి పెంచునప్పుడు, ఒకదాని రోగము అన్నింటి రోగమగును. ఈ సూత్రము మొసలికిని, గొర్రెకును సమానమే.

చట్టము, ఆచరణ

2001 నాటి కబేళా నిబంధనల ప్రకారము కోతకు ముందు ప్రతి జీవమును పశువైద్యుడు పరీక్షించవలెను. గంటకు 12 జీవాలకు మించి పరీక్షించరాదని కూడ అందులో ఉన్నది; అనగా ఒక్కొక్కదానికి ఐదు నిమిషములైనను కేటాయించవలెనని భావము. కోసిన తరువాత కార్జము, ఊపిరితిత్తులు మొదలగు వాటిని కోసి చూచి, పనికిరాని భాగమును నాశనము చేయుట మాంస పరీక్షలోని రెండవ ఘట్టము. కాని మన ఊళ్ళలో ఆదివారము తెల్లవారుజామున చెట్టు క్రింద కోసి కొక్కెమునకు వ్రేలాడదీసిన మాంసమును ఎవరు పరీక్షించినారు? కొనువారు అడుగరు, అమ్మువారు చెప్పరు. ఆ చెట్టు చుట్టును కుక్కలు మాత్రము నియమము తప్పక హాజరగును.

ఈ మాట మేము ఖసాయి వృత్తిని తప్పుపట్టుటకు అనుట లేదు. జీవము లోపలి భాగములను ప్రతి దినమును చూచువాడు అతడే. బుడగను, జలగను మనకంటె ముందు గుర్తించువాడు అతడే. అతనికి ఒక మూత గల డబ్బా, ఒక గొయ్యి, రెండు మంచి మాటలు లభించిన యెడల అతడే మన మొదటి ఆరోగ్య రక్షకుడు కాగలడు.

చదువు గెలిచిన చోటు

పందొమ్మిదవ శతాబ్దములో ఐస్‌లాండు దీవిలో ఈ బుడగ వ్యాధి ఘోరముగా వ్యాపించి ఉండెను. డెన్మార్కు నుండి క్రాబ్బె అను శాస్త్రజ్ఞుడు 1863లో అక్కడికి వెళ్ళి కుక్కలను పరీక్షించి, వ్యాధికి కారణమును సామాన్యులకు తెలియునట్లు ఒక చిన్న పుస్తకము వ్రాసినాడు. దానిని ఇంటింటికి పంచినారు. తరువాత కుక్కలకు మందు ఇచ్చుట, బుడగలు ఉన్న భాగములను కాల్చుట, పాతిపెట్టుట చట్టమైనది. కాలక్రమమున వ్యాధి ఆ దీవిని విడిచిపోయినది. న్యూజిలాండు 1959లో ప్రత్యేక చట్టము చేసి, 2002లో వ్యాధి రహితమైనట్లు ప్రకటించుకొన్నది. ఐస్‌లాండులో మొదటి ఆయుధము మందు కాదు, చదువు. చదువనేర్చిన ప్రజల చేతిలో ఒక చిన్న పుస్తకము చేసిన పని అది.

మనము చేయదగినవి

మొదటిది, బుడగ గల కార్జమును, ఊపిరితిత్తులను, తలకాయను, బోటీని ఏ కుక్కకును పచ్చిగా వేయరాదు. లోతుగా గొయ్యి తీసి, పైన సున్నము చల్లి, కుక్కలు త్రవ్వకుండ రాళ్ళు పేర్చి పూడ్చవలెను, లేదా కాల్చవలెను.

రెండవది, మంద వెంట తిరుగు కుక్కలకు, పెంపుడు కుక్కలకు పశువైద్యుని సలహాతో ప్రాజిక్వాంటెల్ అను బద్దె పురుగుల మందు క్రమము తప్పక ఇవ్వవలెను. గొర్రెకు మందు త్రాగించి కుక్కను మరచుట, కుండకు చిల్లి ఉంచి నీరు పోయుట వంటిది.

మూడవది, కుక్కను తాకిన తరువాత, భోజనమునకు ముందు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. ఆకుకూరలను పారు నీటిలో కడుగవలెను.

నాల్గవది, తెల్లవారుజామున కాలువ అంచున, నత్తలు ఉన్న తడి మళ్ళలో మందను మేపకుండుట మేలు.

విద్యార్థులారా, పరీక్షలో ఈ వ్యాసము మీద ప్రశ్న రాదు. కాని ఇంటికి వెళ్ళినప్పుడు మీ తండ్రిగారితోనో, చిన్నాన్నతోనో, మామూతోనో ఈ మాట చెప్పుడు. వారికి జీవాలను గూర్చి మీకంటె ఎక్కువ తెలియును; ఈ ఒక్క సంగతి మాత్రము మీ వలన తెలియవచ్చును.

కళాశాల పాలక వర్గమునకు మా విన్నపము ఒకటి. రాబోవు బక్రీదునకు వారము రోజుల ముందుగా, జాతీయ సేవా పథకము విద్యార్థులతో, పురపాలక సంఘము వారి అనుమతితో, ప్రతి మొహల్లాకు ఒక గొయ్యి త్రవ్వించవలెను. ఖర్చు స్వల్పము. ఆ గోతుల వద్ద ఉర్దూలోను, తెలుగులోను ఒక చిన్న పలక ఉంచిన చాలును. మా వీధి గోతికి మొదటి పార మన్ను మేము తీయుదుము. ఆ దినమున గోడ మీదుగా మేము విసిరినది తిరిగి తెచ్చుకొనజాలము. మరల విసరకుండుట మాత్రము మా చేతిలో ఉన్నది.